బెత్తెడు ఎడం

ముప్పై ఒక్క ఏళ్లు పోజ్నాన్‌లో ట్రామ్ నడిపాను.
రోజుకి నూరుసార్లు ఒకటే మాట:
"లోపలికి జరగండి, ఇంకా చోటుంది."
చోటు ఉండేది కాదు.
అయినా జరిగేవారు,
తడిసిన కోట్లతో, సంచులతో,
ఎవరి మోచెయ్యో ఎవరి డొక్కలోనో.

ఆ అలవాటే కాబోలు,
రైలుకట్ట పక్కన నాకు అద్దెకిచ్చిన తోటముక్కలో
బీట్‌రూట్ విత్తనాలు పిడికిలి విప్పి జల్లేశాను.
మే నెల సగానికి
ఎర్రటి కాడల మీద ఒకటే కిటకిట.

కంచె అవతలి జెనోబియుష్ గారు,
ఎనభై నాలుగేళ్లు, చెవి మిషను ఎప్పుడూ జేబులోనే,
వంగి చూసి అన్నారు:
"విత్తనం అనుకున్నావుగానీ అది మూటమ్మా.
ఒక్కో మూటలో ముగ్గురో నలుగురో.
ఎంత ఎడంగా వేసినా
వాళ్లు గుంపుగానే దిగుతారు."
నాలుగు వేళ్లు మట్టిమీద అడ్డంగా ఆనించి
"ఒకరికి బెత్తెడు" అని వెళ్లిపోయారు.

నాకు చెయ్యి రాలేదు.
ఎవరిని దిగమనను?
అందరి దగ్గరా టికెట్ ఉంది.

మూడు రోజులు ఊరికే చూశాను.
ఆకులు ఒకదానిమీద ఒకటి వాలి పసుపెక్కాయి.
ఒకచోట తవ్వితే వేళ్లు దారాల్లా ఉన్నాయి,
దుంప ఊరే సందే లేదు.

నాలుగోనాటి సాయంత్రం, వాన వెలిశాక,
మోకాళ్ల కింద పాత ట్రామ్ సీటు మెత్త వేసుకున్నాను.
ఉండాల్సినదాని మొదట్లో వేలు ఆనించి
పక్కదాన్ని మెల్లగా లాగాలి.
చిన్న చప్పుడు,
పాత చొక్కా కుట్టు తెగినట్టు.
మొదటి పదింటినీ క్షమించమని అడిగాను.
తర్వాత అడగడం మరిచిపోయాను.
చేతికి పని తెలిసిపోయింది;
అదే నన్ను కాస్త భయపెట్టింది.

కొన్నింటిని చివరి ఖాళీలో నాటాను,
తలలు వాల్చాయి, ఏమవుతాయో.
తక్కినవాటిని కడిగి,
ఆకులూ కాడలూ గోరంత ఎర్రటి వేళ్లూ కలిపి తరిగి,
బంగాళాదుంప, సోయికూర, చివర్లో పుల్లటి మీగడ,
బొత్వింకా కాచాను.
ఏడాదిలో ఈ కొద్దిరోజులే ఆ చారు:
చోటు చాలనివాళ్ల చారు.

కంచెమీదుగా గిన్నె అందిస్తే
జెనోబియుష్ గారు మిషను తీసి చెవిలో పెట్టుకున్నారు,
రుచి వినాలన్నట్టు.
"అందరూ దిగారా?"
"లేదు," అన్నాను.

మూల ఒక జంట మిగిలింది.
ఒకే మూటలోంచి వచ్చి, కాడలు పెనవేసుకుని,
ఏది లాగినా రెండూ కదులుతున్నాయి.
వదిలేశాను.
అక్టోబరులో చూడాలి,
ఎంత వంకరగా ఊరతాయో.