గుర్రం నోరు చూసే చేతులు

సోన్ కుల్ ఒడ్డున, జూన్ నెలాఖరులో
గడ్డి నీడల్లో ఇంకా మంచు.
వ్యాను వెనక తలుపు తెరిచి మడత కుర్చీ వేశాను.
అదే నా ఆసుపత్రి.
ముందు గొర్రెలొచ్చాయి,
వాటిని తోలుకుంటూ మనుషులు.

జుమాష్ తాత కుర్చీ ఎక్కనన్నాడు.
"నాకేం లేదు, పిల్లను చూడు.
మూడు చలికాలాల కిందట ఒక దవడ పన్ను
రాత్రుళ్ళు లేపి కూర్చోబెట్టేది.
లవంగం నొక్కాను, వోడ్కా పుక్కిలించాను.
ఒక తెల్లారి దానంతటదే ఊరుకుంది.
నయమైపోయింది."

ఊరుకుంది అనే మాట దగ్గర నా చెయ్యి ఆగింది.

తాతా,
రాత్రంతా మొరిగిన కుక్క
ఉన్నట్టుండి ఊరుకుంటే
నువ్వు దుప్పటి కప్పుకుంటావా,
లాంతరు పట్టుకుని మంద దగ్గరికి పరిగెడతావా?

ఆయన టోపీ తీశాడు. కూర్చున్నాడు.
పిప్పి పన్ను, లోపల నరం ఎప్పుడో చచ్చింది.
దాని కింద చిగురు మీద సెనగ గింజంత పొక్కు,
వేలు తగిలితే చీము.
కాపలా కుక్క పోయింది,
తోడేలు దొడ్లోనే కాపురం పెట్టింది.

సూది పొడిచాను, పీకాను.
దూది కరిచిపట్టి ఆయన ఆ మూడు వేళ్ళ పన్నును
ఎండలో తిప్పి తిప్పి చూశాడు,
అమ్మకానికొచ్చిన దాన్ని చూసినట్టు.

తర్వాత నుర్జమాల్, ఎనిమిదేళ్ళు.
ముందు పళ్ళ మధ్య చక్కెర గడ్డ ఇరికించుకుని
దాని మీదుగా టీ జుర్రుతుంది,
పొద్దున్నుంచి పడుకునేదాకా.
పై పెదవి ఎత్తాను.
రంపపు అంచులింకా అరగని కొత్త పళ్ళు,
చిగురు పక్కన సన్నగా ఒక సున్నపు గీత.

"తెల్లగానే ఉన్నాయిగా" అంది తల్లి అనార్కాన్.
పాల తెలుపు వేరమ్మా, సుద్ద తెలుపు వేరు.
గీత గోధుమరంగుకి తిరిగితే ఆలస్యం,
గుంట పడితే ఇక నా డ్రిల్లు పాలే.
ఈ తెల్లగీత మాత్రం ఇంకా మాట వింటుంది:
పేస్టుతో రెండు పూటలా తోమి,
ఉమ్మేసి, నీళ్ళతో పుక్కిలించకుండా వదిలేస్తే,
తీపిని భోజనంతోపాటే ముగించేస్తే.

అనార్కాన్‌కి ఆరో నెల.
చిగుళ్ళు కారుతున్నాయని బ్రష్షే మానేసిందట.
రక్తం వస్తే మానడం కాదు,
మెత్తటి బ్రష్షుతో మెల్లగా, మరింత ఓపిగ్గా.
రెండు వారాలకీ ఆగకపోతే నరీన్‌కి రా.
ఆమె తలూపింది. నమ్మిందో లేదో తెలీదు.
నరీన్ ఏడు గంటల దారి.

నా నోట్లోనూ ఒక బంగారు పన్నుంది.
పద్దెనిమిదో ఏట కట్టించారు.
అప్పటిదాకా నా పెదవి ఎత్తి చూసినవాళ్ళే లేరు.

అందుకే ఆయన్నే అడిగాను:
కోచ్‌కోర్ సంతలో నువ్వు గుర్రం పెదవి ఎత్తితే
అమ్మేవాడికి చెమటలు పడతాయట కదా?
దూది వెనకనుంచి నవ్వాడు.
వయసు దాచడానికి పళ్ళు అరగదీసిన గుర్రాన్ని
పది అడుగుల దూరంలోనే పట్టేస్తాడట.
మరి ఇంట్లో ఉన్న ఈ పిల్ల పిల్లను ఎన్నిసార్లు చూశావు?

జవాబు లేదు.
కాసేపటికి మనవరాలి గడ్డం పట్టి ఎండకి తిప్పాడు.
రెండు వేళ్ళతో, ఎంత నేర్పుగా,
పెదవి అలా లేచింది.
"ఇదేనా గీత?"
అదే. నెలకోసారి. ఇలాగే, వెలుతుర్లో.

సాయంత్రం వాళ్ళ గుడారంలో
టీతోపాటు నా ముందుకీ ఒక చక్కెర గిన్నె వచ్చింది.
వద్దంటే అతిథి మర్యాద కాదు,
తింటే ఎదురుగా ఎనిమిదేళ్ళ కళ్ళు.
ఒక గడ్డ తీసి జేబులో వేసుకున్నాను.

బయటికొచ్చి, కట్టేసిన ఎర్ర గుర్రానికి
అరచేతిలో పెట్టి అందించాను.
వెనకనుంచి తాత గొంతు, మత్తు ఇంకా దిగలేదు, ముద్దగా:
"పెట్టు పెట్టు.
దాని పళ్ళు నేను చూస్తూనే ఉంటాగా."