గాలివాటం

ఫారో దీవుల్లో చదునైన నేల అరుదు.
దొరికిన ఒక్క చెక్కలో మైదానం వేసుకున్నాం,
మూడు పక్కల కొండ, నాలుగో పక్క సముద్రం.
నీళ్లలో పడ్డ బంతిని తేవడానికి ఒక పడవ,
పడవలో ఒక ముసలాయన, ఆయన ఫ్లాస్కు.

ఆదివారాలు సున్‌వా కంచె పక్కన
చేప వాసన వదలని చేతులతో
గళ్ల పుస్తకం తెరుచుకుని కూర్చునేది.
వారమంతా ఫ్యాక్టరీలో సాల్మన్ తూచే మనిషి.
కరిగిన మంచునీళ్లు తీసేసి
అసలు బరువు రాయడం ఆమె పని.

"కార్నర్ గోలంటే గాలివాటం" అనేవాడు కోచ్ హొగ్ని.
ఆమె ఆ మాటని అక్షరాలా పట్టుకుంది.
మూల జెండా ఎటు కొట్టుకుంటే అటు
ప్రతి కార్నర్‌కీ ఒక చిన్న బాణం గీసింది.
ముందు ఎవరి తల తగిలింది,
జారిన బంతి ఎవరి కాలికి దొరికింది,
గోలీ ముందుకొచ్చాడా, మేకు కొట్టినట్టు నిలబడ్డాడా.
ఫ్రీకిక్కులకు వేరే పేజీ.
పెనాల్టీలను గడప దాటనివ్వలేదు:
"అది పెట్టిన ముక్క, పట్టిన చేప కాదు."

నాలుగు సీజన్లు. నాలుగు వందల పన్నెండు కార్నర్లు.
పదమూడు గోల్స్.
"నూటికి మూడు. ఇంతేగా?" అన్నాడు హొగ్ని.
"ఇంకా నీళ్లు తీయలేదు" అంది.

నా సంగతి చెప్పాలి.
పేరు హానుస్. వడ్రంగిని. డిఫెండర్ని.
ఆ పదమూడులో నాది ఒక్కటీ లేదు.
బంతి లేవగానే దగ్గరి స్తంభం వైపు ఉరకడం నా వంతు.
ఇద్దరు చొక్కా పట్టుకుని వెంటపడతారు,
బంతి మా నెత్తి మీదుగా పోతుంది,
అవతల ఎవడో గోల్ వేస్తాడు, ఊరంతా వాడి మీద పడుతుంది.
నేను లేచేసరికి
పంటికింద నల్ల రబ్బరు గింజలు.

ఆమె పుస్తకంలో నాకో గడి ఉందని తెలీదు.
పరిగెత్తితే చుక్క.
మోకాలు వాచినప్పుడూ, మా పాప పుట్టిన రోజూ, ఖాళీ.
చుక్కలు రెండు వందల ముప్పై ఒకటి, గోల్స్ పదకొండు.
ఖాళీలు నూట ఎనభై ఒకటి, గోల్స్ రెండు.

హొగ్ని చాలాసేపు చూశాడు.
"ఇదీ గాలివాటమేనేమో?"
"కావచ్చు" అంది, పెన్సిల్ చెక్కుకుంటూ.
"పదమూడింటితో ఒట్టేసి చెప్పలేను.
ఇంకో పదేళ్లు కావాలి."
నా మోకాలి దగ్గర పదేళ్లు లేవు.

మరుసటి ఆదివారం, ఆఖరి నిమిషాల్లో కార్నర్.
జెండా సముద్రం వైపు చిరిగిపోయేలా కొట్టుకుంటోంది.
ఉరికాను. ఇద్దరూ వచ్చారు.
బంతి అందరినీ దాటి, కంచె దాటి, నీళ్లలోకి.

సున్‌వా తల వంచి చుక్క పెట్టింది.
ముసలాయన ఫ్లాస్కు మూత బిగించి
తెడ్డు అందుకున్నాడు.