తరుగు

ఎనుమాముల యార్డుల ఇరవై ఆరేండ్ల సంది దడ్వాయిని.
మిర్చి బస్తా కాంట ఎక్కకముందే చెప్త:
నలభై రెండు కిలోల మూడు వందలు.
నన్ను నేను మాత్రం ఎన్నడూ జోకలే.

బస్తీ దవాఖానల ఎక్కిన.
తొంభై నాలుగు.
ముల్లు ఆగినంక గూడ
దిగబుద్ధి కాలే.

"ఉగాది వరకు ఇరవై తీసేస్త" అన్న.
మూడొద్దులు అన్నం ముట్టలే.
నాలుగో దినం బస్తాల నడుమ కండ్లు తిరిగి కూలబడ్డ,
మిర్చి ఘాటని అబద్ధమాడిన.

స్వరూప సిస్టర్ అడిగింది:
"బస్తాకు ఎంత తరుగు తీస్తవ్ కాకా?"
"కిలో. ఎక్కువ తీస్తే రైతు కొట్లాటకొస్తడు."
"మరి నీ ఒళ్ళు ఎవలతోని కొట్లాడాలె?"

ఇగ నెలకు కిలో, కిలోన్నర.
రాత్రి జొన్నరొట్టె,
చాయ్‌ల చక్కెర సగం,
ఆదివారం సర్వపిండి ఒక్కటే
(నిజం చెప్పాలంటే ఒకటిన్నర).

పొద్దుగాల గోవిందరాజుల గుట్ట.
మొదటి వారం ముప్పయ్యో మెట్టు కాడ కూసున్న,
నిన్న అరవై కాడ.
ముల్లు ఈ వారం కదలలే.
కదలకుంటే మానె.

ఇయ్యాల అరవై ఒకటో మెట్టు మీద
టైమెంతని ఎవలో అడిగిండ్రు.
నడుసుకుంటనే చెప్పిన.