దించే రేవు

డాబాగార్డెన్స్‌లో రెండో అంతస్తు,
జిరాక్సు షాపు పక్కన మా ఆఫీసు.
గోడ మీద ప్రపంచ పటం.
ఏసీ నీళ్ళు కారి ఆఫ్రికా పడమటి ఒడ్డు ఉబ్బిపోయింది.
అటు ఎవరూ టికెట్ అడగలేదు గనక
ఇంకా మార్చలేదు.

మనిషిని చూడగానే దేశం చెప్పేస్తానని
బయట పేరు. అబద్ధం.
జాకెట్టు కుట్టేవాడిలా నేనూ కొలతలు తీసుకుంటాను.
మోకాళ్ళెలా ఉన్నాయి?
పొద్దున్నే కాఫీ పడకపోతే ఎవరి మీద అరుస్తారు?
ఉల్లిపాయ తింటారా?
కొత్త ఊళ్ళో దారి తప్పితే భయమా, సరదానా?
డబ్బు సంగతి ఆఖర్న అడుగుతాను.
ముందే అడిగితే ఎవరూ నిజం చెప్పరు.

ఎంవీపీ కాలనీ కొత్త జంట.
హేమసుందర్‌కి మాల్దీవులు కావాలి, నీళ్ళ మీద గది.
తన్మయి కిటికీ వైపు చూస్తూ అంది:
"పుట్టినప్పట్నించీ సముద్రమే కదండీ.
గొళ్ళేలు తుప్పు, నా సైకిలు తుప్పు,
నాన్న స్కూటరు తుప్పు.
ఉప్పు లేని గాలి ఎక్కడ దొరుకుతుంది?"
ఎటు పోయినా రెండు దేశాలు దాటితే గానీ
సముద్రం రాని చోటొకటుంది.
ఉజ్బెకిస్తాన్ అని రాశాను.
అతను మూడుసార్లు తడబడ్డాడు.
ఆమె మొదటిసారే పలికింది.

గాజువాక చీటీల ఆడవాళ్ళు పద్నాలుగు మంది,
మొగుళ్ళు లేకుండా.
థాయ్‌లాండ్ అన్నాను.
పక్కింటివాళ్ళు ఏమనుకుంటారోనంది లెక్కలు చూసే సావిత్రమ్మ.
వియత్నాం అన్నాను.
దాని గురించి పక్కింటివాళ్ళకి ఏమీ తెలీదు.
అప్పటికప్పుడు అడ్వాన్సు కట్టారు.

వర్గీస్ గారిది జలాంతర్గామిలో ఇరవై రెండేళ్ళ నౌకరీ.
ఎన్ని దేశాలు చూశారు సార్?
"చాలా వాటి పక్కనించి వెళ్ళాను. కింద నించి."
రైలు కావాలన్నారు. పగటి రైలు. పెద్ద కిటికీ.
స్విట్జర్లాండ్ కాగితాలన్నీ సిద్ధం చేశాక
వాళ్ళావిడ విడిగా ఫోన్ చేసింది:
"సొరంగాలు లేకుండా చూడమ్మా."
స్విట్జర్లాండ్ కొట్టేశాను. నార్వే కొట్టేశాను.
కొండల్లేని దేశం వెతికేసరికి రాత్రి పదకొండు.
హంగరీ మైదానాలు. పొద్దుతిరుగుడు పూలు.
టికెట్ మీద నా చేత్తో రాశాను, ఎడమవైపు కూర్చోండి.

ఆ తర్వాత బొడ్డేటి పైడయ్య.
పోర్టులో క్రేన్ ఆపరేటరు, రిటైరై నాలుగేళ్ళు.
ప్లాస్టిక్ కవర్లో పాస్‌పోర్టు,
వేళ్ళ గీతల్లో ఇంకా ఆ ఎరుపు.
"జపానమ్మా."
చెర్రీపూలకైతే ఏప్రిల్లో వెళ్ళాలండి.
"పూలొద్దు."
గుళ్ళు?
"సింహాద్రప్పన్న సాలడా మనకి?"
మరేం చూస్తారు?
కాసేపు బల్ల అద్దం కింద చూశాడు.
"ముప్పయ్యేళ్ళు ఎక్కించడవే సూసానమ్మా.
ఇనప మట్టి, ఓడల్కి ఓడలు.
ఎనకాల పేర్లు రాసుండేవి, అన్నిటి సివరా మారు.
మన మారు కాదంట, మరేటో.
ఎల్లినోడ ఎల్లిందే గానీ
దించడం నాను సూడ్నేదు."

ఆరు రోజులు, అయిదు రాత్రులు.
నా పదిహేడేళ్ళ సర్వీసులో
అలాంటి ప్యాకేజీ ఎక్కడా లేదు.
రేవులోకి రానివ్వమన్నారు.
ఎనిమిది ఉత్తరాలు రాశాను, జవాబు ఒక్కటి.
చివరికి ఓ చిన్న హోటలు, ఆరో అంతస్తు,
రేవు కనబడే గది.
టవరు కనబడే గది కంటే సగం ధర.

వచ్చాక మెట్లెక్కి మరీ చెప్పాడు.
"దించుతన్నారమ్మా. మనలాగే.
కాపోతే ముందు నీళ్ళు సల్లుతన్నారు.
దుమ్ము లెగదు."
అక్కడితో ఆగి, కాసేపటికి,
"పూర్ణా మార్కెట్ ఎనకాల మా డాబా.
మాయావిడ ఆరేసిన తెల్లబట్ట
ఒక్కటీ తెల్లగా ఆర్నేదు."
మంచినీళ్ళిచ్చాను. సగం తాగాడు.
మళ్ళీ ఎటైనా వెళ్తారా అని
అలవాటు కొద్దీ అడిగేశాను.
వినబడలేదో, విననట్టున్నాడో.

ఎనిమిదింటికి లైట్లార్పి
షట్టరు దించాను.
అరచెయ్యి చూసుకుంటే
ఎర్రగా.