నీలిబాతుల ఏడాది

గురువారాలు మా లైబ్రరీలో
తడిసిన ఉన్నికోట్ల వాసన.
పత్రికల బల్ల గోడవారకి జరిపి
ఊళ్లో ఏదో ఒకటి చేసే చేతులకి చోటిస్తాను.
యార్క్‌షైర్ కొండల నడుమ స్కార్‌బెక్:
వాన, వాగు,
పొగ మానేసిన మూడు పొగగొట్టాలు.

ముందుగా వచ్చేది క్లెమెంట్ సట్‌క్లిఫ్.
మగ్గాలు ఆగి నలభై ఏళ్లయినా
కండెలు చెక్కుతూనే ఉన్నాడు.
"ఎవరు కొంటారండీ?" అన్నానొకసారి.
"ఆ మాట నా చేతులకి చెప్పకు" అన్నాడు.
రాలిన చెక్కపొట్టుని
నేను చీపురు తెచ్చేలోగా
పిల్లలు జేబుల్లో కుక్కుకుని మాయం.

షగుఫ్తా మాలిక్ చిరిగిన పుస్తకాలకి
మైదా జిగురు కాచి పూస్తుంది. మాట్లాడదు.
ఆమె పక్కన కూర్చుంటే ఎవరికైనా ఆకలేస్తుంది.

హెస్టర్ మర్గట్రాయిడ్‌వి గొడుగులు.
ఊచ బిగిస్తుంది, ఊరి గుట్టు వదులు చేస్తుంది.
"నీలిబాతుల ఏడాది తెలుసా నీకు?
మిల్లులో రంగుతొట్టి పగిలి
తెల్లారేసరికి వాగంతా నీలం.
బాతులు నీలం, బండమీద ఆరేసిన దుప్పట్లు నీలం,
పాదిరిగారి గుర్రం మూతి నీలం.
ఆ ఆదివారమే జాబెజ్‌కి బాప్తిస్మం, వాగునీళ్లతోనే.
పాపం, డెబ్బై మూడేళ్లు బతికి
నీలి జాబెజ్‌గానే పోయాడు."

నవ్వాను. నవ్వి, నిద్రపట్టక,
మర్నాడు నేలమాళిగకి దిగాను.
పుస్తకాల మధ్య బతికేవాళ్లకి
నమ్మకానికైనా రసీదు కావాలి.

ఏడో పెట్టెలో పురుగు కొరికిన మిల్లు ఖాతా.
పద్ధెనిమిదొందల అరవై ఎనిమిది, మార్చి.
తొట్టి పగిలింది. మూడు పెట్టెల సరుకు ఏటిపాలు.
(ఏటిపాలు నా మాట;
గుమాస్తా నష్టమని రాసి ఊరుకున్నాడు.)
సరుకు ఎక్కడిదన్న గడిలో
కోడి కెలికినట్టు ఒక పేరు.
కుడ్డపా. పైకి చదివాను. కుడ్డపా.
మూడోసారికి నాలుక దానంతటదే
మడత విప్పుకుంది:
కడప.

కళ్లు చెమర్చలేదు, అబద్ధమెందుకు.
కడపలో నేను దిగింది ఒకేసారి, బస్సు మారడానికి.
కరిగిన తారుకి చెప్పు అతుక్కుపోయింది, అంతే గుర్తు.
కానీ ఆ గడి పక్కన ఇంకో గడి లేదు.
తూకం ఉంది, అర పెన్నీ దాకా ధర ఉంది,
మద్రాసు రేవులో బయల్దేరిన ఓడ పేరుంది.
నడుంలోతు తొట్లో దిగి
ఆకు పులిసిన నీళ్లని నురగొచ్చేదాకా
తెడ్లతో బాదినవాళ్లు లేరు.
వాళ్ల కాళ్లు ఏ రంగులో ఉండేవో,
వాళ్ల పిల్లల్ని ఏమని వెక్కిరించేవారో
చెప్పే హెస్టర్ ఎవరో నాకు తెలీదు.

ఊరి పనిమంతుల జాబితాకి మా దగ్గర
పసుపు అట్టముక్కలుంటాయి.
ఒకటి తీశాను.
పని: నీలిమందు.
పేరు దగ్గర పెన్ను ఆగింది. చాలాసేపు.
చివరికి
"పదిమంది ఉండొచ్చు" అని రాశాను.

మా అధికారి ప్రుడెన్స్ ఎంట్‌విసిల్
కళ్లద్దాలు నుదుటిమీదికి తోసింది.
"వీళ్లు ఈ ఊరివాళ్లెలా అవుతారు?"
"ఈ ఊరి బాతుల ఒంటిమీద ఉన్నారుగా" అన్నాను.
ఔననలేదు, కాదనలేదు.
అట్టముక్కని సొరుగులో పెట్టింది,
తాళం మాత్రం వెయ్యలేదు.

గురువారం మళ్లీ వాన.
"బాతులు నిజమే" అని హెస్టర్‌తో ఒప్పుకున్నాను.
"నేనేమన్నా కలగన్నానా?" అంటూ
నా గొడుగు లాక్కుని ఊచలు లెక్కపెట్టసాగింది.
జేబునిండా చెక్కపొట్టున్న పిల్లొకతె
బల్లకింద నించి తల బయటపెట్టి అడిగింది:
"మరి గుడ్లు?
గుడ్లు కూడా నీలమేనా?"

ఖాతాలో గుడ్ల సంగతి లేదు.
తలుపులు మూసేందుకు ఇంకా ఇరవై నిమిషాలుంది.
ఎనిమిదో పెట్టె కిందికి దించాను.