ఏ కత్తి

కొత్తవాడ నీలవ్వ బల్ల మీద పండుకుంట అడిగింది:
"దేనితోటి కోస్తరమ్మా?"

ట్రేలో మూడున్నయి.
ఉక్కు బ్లేడు. గీత సాపుగ వస్తది, నెత్తురు ఆగదు.
కరెంటు కత్తి నెత్తురు ఆపుతది గని
కాలిన వాసన మాస్కులకెళ్లి దూరి
నా ఎంబడి ఇంటిదాక వస్తది.
మూడోది సన్నగ వణుకుతది. పొగ తక్కువ, ధర ఎక్కువ,
డాక్టరమ్మ దాన్ని మురిపెంగ పట్టుకుంటది.

నేనేం చెప్పలే.
ఇరవై ఏండ్లు మగ్గం మీదికి వంగి
జంపఖానాలు నేసిన మెడ ఆమెది.
భుజాల మీద బాడీ పట్టీలు కోసిన గాట్లు,
వాటిని ఏ ట్రేలో పెట్టాలె?

తూకమేసిన. కుడిది తొమ్మిది వందల గ్రాములు,
ఎడమది ఇంకింత.

మూడోనాడు గొట్టం చేత పట్టుకొని లేచి
కిందికి చూసింది.
"నా కాళ్లు కనవడుతున్నయి సిస్టరూ.
గోర్లు ఎంత పెరిగినయో!"