కొట్టివేత

ఆ కేసు కాగితాలు రాసింది నేనే.
ఆ ఏడు ద్వీపం చుట్టూ సముద్రం ఆలస్యంగా గడ్డకట్టింది,
సిరా మాత్రం ముందే.
బుడ్డిని చంకలో పెట్టి వెచ్చబెట్టుకుంటూ
మద్లి చెప్పిందల్లా రాశాను.

తొన్నో పెళ్ళాం. వయసెంతంటే
పెద్ద కరువుకి ముందు పుట్టానంది.
నేరం: కొడవలి తెగిన పాలేరు కాలికి
మాట చెప్పి నెత్తురు కట్టించడం.
"ఆగిందా?" అన్నాడు న్యాయాధికారి.
"ఆగింది దొరా."
ఆగకపోయుంటే కేసే లేదు.

ఏం మాట?
ఆమె కళ్ళు మూసుకుంది.
రొట్టెపిండి పిసికే చేతుల్లా పెదవులు కదిలాయి:

ఎర్ర వాగా, నిలబడు.
మార్యా రాతి మీద కూచుంది,
మడమతో నిన్ను తొక్కిపట్టింది.
ఆమె లేచేదాకా నువ్వు కదలవు.

జర్మన్‌లోకి మార్చకుండా
వినబడింది వినబడినట్టే రాశాను.
న్యాయాధికారి చదివాడు. ముక్కు గోక్కున్నాడు. మళ్ళీ చదివాడు.
"మార్యా అంటే పాత మతం పిచ్చి.
దానికి జరిమానా చాలు, నిప్పు దాకా పోదు."
గోటితో ఆ పేరు మీద నొక్కాడు.
"ఇది కొట్టెయ్."

కొట్టేశాను.
బార్లీ గింజంత గీత.
ఇప్పుడు రాతి మీద ఎవరో కూచుని ఉన్నారు,
ఎవరో తెలీదు.
తెలీని వాళ్ళందరికీ ఆ గదిలో ఒకటే పేరు.

రాత్రి నేలమాళిగకి చారు తీసుకెళ్ళాను.
నా పని కాదు. కాపలావాడు తాగి పడున్నాడు.
"ఎవరు నేర్పారు?"
"అమ్మమ్మ. ఆమెకి వాళ్ళ అమ్మమ్మ.
అందరికన్నా ముందున్న ముసలిది మార్యా అనేది కాదంట."
"మరి?"
"మా."

వాళ్ళ భాషలో మా అంటే నేల.
దున్నేదీ, పాతిపెట్టేదీ, వాన పడితే వాసనొచ్చేదీ.
కత్తులతో వచ్చినవాళ్ళు నీళ్ళు చల్లి
ఎవర్ని మొక్కుతావని అడిగితే
ముసలిది ఒక్క క్షణం ఆలోచించి
తోక తగిలించిందంట, ర్యా అని.
"దేవుడికి పొడుగు పేర్లిష్టం కదా దొరా,"
అంది మద్లి. చారులో రొట్టె ముంచుకుంది.
నవ్విందేమో. దీపం నా చేతిలో లేదు.

ఆమె ఎన్నడూ ఆదివారం మానలేదు.
చర్చి గడపరాయికి పదమూడు గుంటలున్నాయి,
గిన్నెల్లా, అరిగి నున్నబడి.
తాపీవాళ్ళు తొలిచినవి కావు,
రాయి ముందు, గోడలు తర్వాత.
కోతలైన వారం ఆ గుంటల్లో గింజలుంటాయి.
పిచ్చుకల పనంటాడు పాస్టర్ గోట్‌షాల్క్,
చీపురు తెమ్మంటాడు.
పిచ్చుకలు గింజలు తెచ్చి పెడతాయా?
నేను అడగలేదు. జీతం ఆయన ఇంటి పక్క గదిలోనే ఇస్తారు.

వసంతంలో మద్లిని తగలబెట్టారు.
కట్టెలు తడివి, చాలాసేపు పట్టిందని విన్నాను.
ఆ రోజు నేను చేపల పన్ను లెక్కలు రాశాను.
రెండుచోట్ల కూడిక తప్పింది.

ఇదంతా పాత సంగతి.
మొన్న ఈక చెక్కుతుంటే కత్తి జారి
బొటనవేలు ఎముకదాకా తెగింది.
ఇంట్లో ఎవరూ లేరు. గుడ్డ తడిసింది, రెండో గుడ్డా తడిసింది.
రాసిన చేతికి మర్చిపోవడం రాదు.
ఎర్ర వాగా, నిలబడు
అనేశాను పైకే, ముసలాణ్ణి, జర్మన్‌వాణ్ణి,
బాప్తిస్మం పొందినవాణ్ణి.
తర్వాతి పాదం మొదట్లోనే
నా గీత అడ్డొచ్చింది.

అక్కడ ఎవర్ని కూచోబెట్టను?
నోరు తెరిచాను.
మా
దాకా వచ్చింది.

నెత్తురు ఆగిందా అని అడక్కండి.
మరకపడ్డ కాగితం పొయ్యిలో వేసి
ఎడమచేత్తో ఇది రాస్తున్నాను.
వంకరగా ఉంటే క్షమించండి.
ఏదీ కొట్టెయ్యలేదు.